లిమిట్ తీసిన చెవి

నా గొంతు పగిలిన రేకుడబ్బాలా ఉందని మా ఆడపడుచు వెక్కిరిస్తుంది. ఉండదా మరి? ఇంజన్ల మధ్య నిలబడి, చెవుడున్న మొగుడితో కాపురం చేసి చూడమనండి, తెలుస్తుంది. "ఏవండీ" అని నేను పిలిస్తే వీధి చివర టీ కొట్టాయన "వస్తున్నానమ్మా" అనేవాడు గానీ, మూరెడు దూరంలో ఉన్న మా ఆయన తల ఎత్తేవాడు కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత పుట్టించిన మహానుభావుడు, ఆ ఊదేవాళ్ళ గొంతు ఏమైపోతుందో ఒక్కసారైనా ఆలోచించాడా?

మాది కార్ల షెడ్డు. ముందువైపు మా ఆయన ఇంజన్లు విప్పుతాడు. వెనక మూల నా కుట్టుమిషను, రెగ్జిన్ చుట్టలు. నేను సీట్ల కవర్లు కుడతాను. పక్కన అద్దాల గదిలో మా మరిది. అతనిది చేతికి నూనె అంటని పని. కారు కంప్యూటర్‌కి ల్యాప్‌టాప్ తగిలించి, కంపెనీ పెట్టిన స్పీడు లిమిట్ తీసేస్తాడు. దానికి వాడే ఫైళ్ళు కంపెనీవి కావు. ఎవరెవరో రాసి నెట్‌లో పెడితే ఇతను దింపుకుంటాడు. లిమిట్ అంటే కంపెనీవాడు మనకివ్వకుండా దాచుకున్న బలం అని అన్నదమ్ములిద్దరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

మా ఆయనకి ఒక పేరుంది, చెవి మేస్త్రి అని. పెద్ద స్క్రూడ్రైవరు మొన నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడి చెవికి అదిమి, కళ్ళు మూసుకుంటాడు. కాసేపాగి "మూడో వాల్వు" అంటాడు. విప్పి చూస్తే మూడో వాల్వే. ఎక్కడెక్కడో తిరిగి విసిగిపోయిన బండ్లన్నీ చివరికి మా షెడ్డుకి చేరేవి. ఇంజనంటే చెవి కోసుకునే మనిషి.

అలాంటి చెవిని ఇన్నేళ్ళ గ్రైండర్లూ కంప్రెసర్లూ కొంచెం కొంచెంగా తినేశాయి. చెవులకి ఏదైనా కట్టుకోండి మహాప్రభో అని నెత్తీ నోరూ బాదుకున్నాను. కట్టుకుంటే ఇంజను వినపడదన్నాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. నా మాట వినపడకపోతే ఆయనకి ఏ చింతా లేదు గానీ, బాగానే ఉందని తాళాలిచ్చి పంపిన బండి సాయంత్రానికి రోడ్డు మధ్యలో ఆగిపోయేసరికి, నోరు మూసుకుని నా వెంట చెవుల క్లినిక్‌కి వచ్చాడు.

అక్కడి మేడం నిదానస్తురాలు. పరీక్షలన్నీ చేసి, ఎడమ చెవికి మిషను పెట్టి, ఫోనుకి కలిపి, నన్ను ఆయన వెనక్కి వెళ్ళి మామూలుగా మాట్లాడమంది. మామూలుగా అంటే ఎలాగో నాకు గుర్తుంటేగా? గట్టిగా "ఏవండీ!" అన్నాను. మా ఆయన కుర్చీలో ఎగిరిపడి, "ఎందుకే అరుస్తావు, ఇక్కడే ఉన్నాగా!" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో అరుపుల్లేవు. నేను మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకరోజు వెనక మూల కూచుని, ఆయనకి వీపు పెట్టి కుట్టుకుంటూ, నాలో నేనే గొణుక్కున్నాను, ఈ బూడిదరంగు రెగ్జిన్‌కి ఎర్ర దారం నప్పుతుందా అని. ముందువైపు నుంచి "నల్ల దారం వెయ్యి" అని వినపడింది.

తిరిగి చూశాను. ఆయన బానెట్‌లోంచి తల కూడా ఎత్తలేదు. అంత దూరం నుంచి, నా మొహం చూడకుండా, నా గొణుగుడికి జవాబిచ్చాడు. కవరు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. అదీ వినపడింది కాబోలు, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైంది?"

"ఏం లేదులే."

"ఆ మాటొక్కటి అనకు," అన్నాడు. "ఇన్నేళ్ళూ నువ్వేదో చెప్పేదానివి. నాకు అందేది కాదు. మళ్ళీ అడిగితే ఏం లేదులే అని వెళ్ళిపోయేదానివి. నీ మాటలన్నిట్లోకీ అదొక్కటే నాకు పెదాల మీద తెలిసిపోయేది. ఏం చెప్పిందో, ఏం పోగొట్టుకున్నానో అని ఆ రోజంతా పని మీద మనసు ఉండేది కాదు."

ఆ మనిషి కడుపులో అంత మాట ఉందని నాకేం తెలుసు? ఇక అనను అన్నాను.

ఇంత బాగుంటే ఊరుకోవాలా వద్దా? ఊరుకుంటే మా ఆయన ఎందుకవుతాడు! రోజులు గడిచేకొద్దీ మొహం ముడుచుకుపోయింది. స్క్రూడ్రైవరు పిడిని చెవి మిషను మీద పెట్టి వింటాడు, విసుక్కుని తీసేస్తాడు. ఇంజను ముందు వినపడుతుందట, అంతలోనే ఎవరో గొంతు నొక్కినట్టు తగ్గిపోతుందట. మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళాం.

"ఇది మనుషుల మాట కోసం చేసిన మిషనండీ," అంది మేడం. "ఆగకుండా ఒకే తీరుగా మోగేదాన్ని రొద అనుకుని తగ్గించేస్తుంది. ఫ్యాను, ట్రాఫిక్, ఇంజను, అలాంటివన్నీ."

"ఇంజను రొదా?" అన్నాడు మా ఆయన, వాళ్ళ అమ్మనెవరో తిట్టినట్టు.

"మీలాంటి పనివాళ్ళ కోసం కంపెనీ వేరే ప్రోగ్రాం తయారుచేస్తోంది. మీ సంగతి కూడా రాసి పంపాను. ఆ అప్‌డేట్ రాగానే నేనే ఫోన్ చేస్తాను, కాస్త ఓపిక పట్టండి. ఇంకోమాట. బయట ఎంత పెద్ద మోత వచ్చినా, లోపలికి కొంతకి మించి పోకుండా ఇందులో లిమిట్ పెట్టాను. మీకు మిగిలిన వినికిడికి అదే కాపలా. దాని జోలికి మాత్రం పోకండి."

అనకుండా ఉండాల్సింది తల్లీ! మా షెడ్డులో లిమిట్ అన్న మాట చెవిన పడితే ఊరుకునే మగాడు లేడు. ఆ సాయంత్రమే మా ఆయన తమ్ముడికి చెప్పాడు, తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచాడు.

"అప్‌డేటూ లేదు, ఏమీ లేదు అన్నయ్యా," అన్నాడు మరిది. "నీ చేత ఇంకో మోడల్ కొనిపించడానికి వాళ్ళు ఆడే నాటకం అది. ఇదిగో చూడు, ఈ గ్రూపులో నీ మోడల్‌కే ప్యాచ్ పెట్టారు. రొద తగ్గించడం తీసేస్తుంది, లిమిట్ కూడా తీసేస్తుంది. వేసుకున్నవాళ్ళంతా సూపర్ అని రాశారు."

"ఎవరు చేశారు ఆ ప్యాచ్?" అన్నాను.

"పేర్లు ఉండవు వదినా. గ్రూపులో బొమ్మ ఉంటుంది. ఇతనిది పిల్లి బొమ్మ."

"పిల్లి బొమ్మ పెట్టుకున్నవాడికి మీ అన్నయ్య చెవి అప్పజెబుతావా?"

"అబ్బ, కార్లకి ఎన్ని వెయ్యలేదు?"

"కారుకి ఇంజను పోతే ఇంకోటి తెచ్చి బిగిస్తావు. మీ అన్నయ్యకి చెవి ఎక్కణ్ణుంచి తెస్తావు నాయనా, పాత సామాన్ల కొట్టు నుంచా?"

మా ఆయన స్క్రూడ్రైవరుని గుడ్డతో తుడుస్తూ కూచున్నాడు. ఆ తుడవడం నాకు తెలుసు, లోపల ఒప్పేసుకున్నాడన్నమాట. ఇంటికెళ్ళాక చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మేడం ఫోన్ చేసేదాకా ఆగండి, మిగిలింది ఒక్కటే చెవి, అది కూడా పోతే మనిద్దరం గోడలతో మాట్లాడుకోవాలి అన్నాను. "సరే" అన్నాడు. ఆ సరేని నమ్మి మర్నాడు రెగ్జిన్ కోసం బజారుకి వెళ్ళాను చూడండి, నా అంత తెలివైనది ఇంకొకతె ఉండదు.

తిరిగొచ్చేసరికి మా ఆయన మొహం వెలిగిపోతోంది. బానెట్ కింద ఒంగి, స్క్రూడ్రైవరు ఆనించి, కళ్ళు మూసుకుని, చిన్నగా తల ఊపుతున్నాడు. ఆ తల ఊపడం చూసి ఎన్నాళ్ళైందో. ఆ క్షణం నాక్కూడా సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కంప్రెసర్ నడుస్తోంది. దగ్గరికెళ్ళి మామూలు గొంతుతోనే అడిగాను.

"ఏం చేశారు?"

"ఏంటీ?" అన్నాడు.

ఆ "ఏంటీ" పోయిందనుకున్నాను, మళ్ళీ వచ్చి కూచుంది. ఈసారి అరిచాను. "నా మాట వినపడటం లేదా?"

"వినపడుతోందిలే, నీ మాట కంప్రెసర్ మోత వెనక్కి పోయింది అంతే," అన్నాడు. "వాల్వు టకటక ఎంత స్పష్టంగా ఉందో తెలుసా? చిన్నప్పుడు విన్నట్టు వింటున్నా. పని ఉన్నప్పుడు ఇలా ఉంచుకుని, ఇంటికెళ్ళాక పాతది పెట్టుకుంటా."

"పెట్టు మరి పాతది," అని మరిది వైపు తిరిగాను. అతను తల గోక్కున్నాడు. నాకు అప్పుడే అర్థమైంది. కార్ల పనిలో అతనికి ఒక నియమం ఉంది. కొత్త ఫైలు ఎక్కించే ముందు పాతది తప్పకుండా దాచుకుంటాడు. దారిన పోయేవాడి డొక్కు బండికైనా దాచుకుంటాడు.

"దీనికి ఆ బటన్ కనపడలేదు వదినా," అన్నాడు.

"కనపడకపోతే ఆగాలి గదా!"

"ఏం కాదనుకున్నా."

ఏం కాదనుకున్నాడట! ఊరందరి కార్ల పాత ఫైళ్ళూ అతని ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉన్నాయి. సొంత అన్నయ్య చెవిది మాత్రం లేదు. దులిపేద్దామని నోరు తెరిచి, ముందు పని ముందు అనుకుని మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ గొంతులో నిదానం పోవడం అదే మొదటిసారి. "వెంటనే తీసేయమనండి. ఇక చెవిలో పెట్టనివ్వకండి. రేపు పట్టుకురండి, అసలు సాఫ్ట్‌వేర్ కంపెనీ చేత మళ్ళీ ఎక్కిస్తాను."

మా ఆయన ముందు నిలబడి, ఒక్కో మాటా ఒత్తి చెప్పాను. విన్నాడు. నిజంగానే విన్నాడు.

"ఈ ఒక్క బండి చూసి తీసేస్తా," అన్నాడు.

మెకానిక్కుని కట్టుకున్న ఏ ఆడదాన్నైనా అడగండి, ఈ ఒక్క బండి అనేది ఎప్పటికీ అయిపోదు. చేత్తో లాగి తీసేద్దామా అనుకున్నాను. అంతలో బండి ఓనరు వచ్చి నిలబడ్డాడు, పరాయివాళ్ళ ముందు పెనుగులాట ఎందుకని వెనక మూలకి వెళ్ళి కూచున్నాను.

మరిది చేసే పనుల్లో ఇంకోటి ఉంది, ఇప్పుడు చెప్పాలి. యాక్సిలరేటర్ తొక్కి వదిలితే పొగగొట్టంలోంచి తుపాకీ పేలినట్టు ఢామ్మని మోత రావాలని కుర్రకారు అడుగుతారు. దానికీ ఒక ఫైలు ఉంది. ఆ రోజు ఎవరో అలా చేయించుకుని, ఎలా పేలుతుందో చూపించమన్నారు. మరిది ఆ కారులో కూచుని స్టార్ట్ చేశాడు. పక్క బండి దగ్గర, సరిగ్గా ఆ పొగగొట్టం పక్కన, మా ఆయన మోకాళ్ళ మీద కూచుని చెవి మిషనుకి స్క్రూడ్రైవరు ఆనించుకుని ఉన్నాడు. కారులో ఉన్నవాడికి కనపడలేదు. నాకు కనపడింది. "ఆపు!" అని అరిచాను. ఊరంతా వినపడే నా గొంతు ఆ ఒక్కసారి ఎవరికీ వినపడలేదు.

పొగగొట్టం ఢామ్మని పేలింది. మాకైతే కాసేపు చెవులు గింగిర్లెత్తాయి, అంతే. మా ఆయన మాత్రం రెండు చేతులతో ఎడమ చెవి మూసుకుని నేల మీద కూలబడ్డాడు. స్క్రూడ్రైవరు సిమెంటు గచ్చు మీద పడి దొర్లింది. దాని చప్పుడు నాకు వినపడింది. ఆయన అటు చూడలేదు.

ఆ తర్వాత డాక్టరు, మందులు, చెవిలో ఆగని హోరు. హోరు తగ్గాక మేడం మళ్ళీ పరీక్ష చేసింది. ఆయన్ని అద్దం వెనక గదిలో కూచోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమని చేతికిచ్చింది. నేను ఇవతల నుంచి ఆ బొటనవేలినే చూస్తున్నాను. మేడం ఒక్కో మీటా తిప్పుతోంది. ఆ వేలు కదలదు. ఆయన కళ్ళు మూసుకుని, ఇంజను వినేటప్పటిలాగే తల కాస్త వంచి, ఎంతో శ్రద్ధగా ఎదురుచూస్తున్నాడు. నొక్కండి, అబద్ధానికైనా నొక్కండి అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

"బరువైన లోతు శబ్దాలు కొంచెం మిగిలాయి," అంది మేడం. "మాటని మాటగా పోల్చుకోవడానికి సన్నటి పైస్థాయి శబ్దాలు కావాలి. అవి పోయాయి. మళ్ళీ రావండీ." మమ్మల్ని ఒక్క మాట అనలేదు ఆవిడ. అన్నా బాగుండేది.

బయటికొచ్చాక మా ఆయన, తనకే తెలియకుండా గట్టిగా, వీధంతా వినేలా అన్నాడు. "ఇంజను నడుస్తోందని తెలుస్తోందే, ఏమంటోందో తెలియట్లేదు. నువ్వూ అంతే."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

మరిది వాళ్ళ అన్నయ్య కాళ్ళ దగ్గర కూచుని వెక్కివెక్కి ఏడ్చాడు. కాదనను. ఆ ఏడుపు చూసి నాకే జాలేసింది. వారం తిరగకుండానే నా కుట్టుమిషను దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "వదినా, ఆ పిల్లి బొమ్మతను కొత్త వెర్షన్ పెట్టాడు. పాతదాంట్లో లిమిట్ సంగతి పొరపాటు జరిగిందట, సరిచేశాడు. సారీ కూడా రాశాడు. ఒకసారి ట్రై చేస్తే..."

చేతిలో కత్తెర లేకపోవడం అతని అదృష్టం. సుద్దల డబ్బా అందింది, విసిరేశాను. అద్దాల గదికి తగిలి పగిలి షెడ్డంతా రంగురంగుల పొడి.

"సారీ చెప్పాడా? పిల్లి సారీ చెప్పిందా? దాన్నిలా పిలువు, వచ్చి మీ అన్నయ్యకి చెప్పమను! చెప్పినా ఆ మనిషికి వినపడదని కూడా చెప్పు దానికి!"

మా ఆయన తలెత్తి ఎగిరిన సుద్దపొడి చూశాడు, నా నోరు చూశాడు, తమ్ముడి మొహం చూశాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇంకొన్నాళ్ళకి క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. అప్‌డేట్ వచ్చిందట. ఇంజన్ల దగ్గర పనిచేసేవాళ్ళ ప్రోగ్రాం, ఆవిడ చెప్పినట్టే, కంపెనీ నుంచే. "వస్తే ఫోన్ చేస్తానన్నాను కదా, అందుకని చేశాను," అంది మేడం. ఆ మాట చెప్పడానికి ఆవిడకెంత కష్టమైందో గొంతులో తెలిసింది. వెళ్ళాం. ఎక్కించింది. లిమిట్ కూడా మళ్ళీ పెట్టింది. ఏం కాపలా కాయడానికి పెట్టిందో ఆ లిమిట్‌ని, నేనడగలేదు. మా ఆయన ఫోనులో కొత్త బొమ్మలు నొక్కి చూసుకుని, చెవి తడుముకుని, "బాగా చేశారే," అన్నాడు. ఆగివుంటే అన్న మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. నాలుక చివరిదాకా వచ్చింది గానీ మింగేశాను.

ఇప్పుడు షెడ్డులో స్క్రూడ్రైవరు మరిది చెవికి ఆనుతుంది. అతను విన్నది వాళ్ళ అన్నయ్య చేతి మీద వేలితో కొట్టి చూపించాలి. టకటక, ఆగి, టక. దాన్నిబట్టి మా ఆయన ఏ వాల్వో చెబుతాడు. మరిదికి తాళజ్ఞానం సున్నా. ఒకటి రైటైతే రెండు తప్పు. "సరిగ్గా విను!" అని మా ఆయన అరుస్తాడు. చెవులున్నవాణ్ణి చెవుల్లేనివాడు వినమని అరవడం చూడాల్సిన రాత నాది. చెవి మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చే బండ్లు తగ్గిపోయాయి.

నిన్న మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆయనకి వీపు పెట్టి కుట్టుకుంటున్నాను. అలవాటు పాడుగాను, మామూలు గొంతుతో అన్నాను, "నల్ల దారం అయిపోయింది, వచ్చేటప్పుడు తెండి."

జవాబు లేదు. కాసేపు మిషను ఆపి, వస్తుందేమోనని కూచున్నాను. రాదని తెలిసీ కూచున్నాను. ఆ తర్వాత ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన మీద, మరిది మీద, పిల్లి మీద, ఈ ఒక్క బండి మీద. లేచి ముందువైపుకి వెళ్ళాను. నా నీడ పడితే తలెత్తాడు.

"ఏమన్నావు?"

ఏం లేదులే అనబోయాను. ఆ మాట పెదాల మీదికి వచ్చేసింది కూడా. ఆయన కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి, అదే వస్తుందని ఎదురుచూస్తున్నట్టు.

మింగేశాను. స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా, వెలుతురు నా మొహం మీద పడేలా కూచున్నాను. ముందు దారం సంగతి చెప్పాను. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టాను. అరవలేదు. అరిస్తే పెదాలు వంకరపోయి అర్థం కాదని మేడం చెప్పింది. బజారు నుంచి వచ్చిన రోజు అనాల్సినవీ, అప్పట్నుంచీ కడుపులో దాచుకున్నవీ, ఒక్కో తిట్టూ విడదీసి, నిదానంగా, ఆయన కళ్ళకి అందేలా తిట్టాను. మధ్యలో ఏడుపొచ్చి పెదాలు వణికాయి.

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అది అందలేదు," అన్నాడు. "మళ్ళీ అను."

కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అన్నాను.